‘ఆయ్’ చెల్లని కౌంటర్

తుపాకీ లీవర్ నొక్కి గొట్టాలు కిందికి వంచితే ‘టక్’మని ఒక చప్పుడొస్తుంది. ఆ చప్పుడంటే నాకు చచ్చేంత ఇష్టం. ఇరవై ఎనిమిదేళ్లు అమలాపురంలో ఒక తుపాకుల దుకాణం కౌంటర్ వెనక కూర్చుని రోజూ అది విన్నాను. పని మానేసి ఏడాది దాటింది. ఇప్పటికీ పక్కింట్లో ఎవరైనా సూట్‌కేసు తాళం తీస్తే నా చెవులు నిక్కబొడుచుకుంటాయి. మా ఇంట్లో వాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి.

నా స్థానంలో ఇద్దరమ్మాయిలు చేరారు. చేరే ముందు మా ఇంటికొచ్చి, “ఏం నేర్చుకోవాలండీ?” అని అడిగారు. లైసెన్సు పుస్తకం ఎలా చూడాలో, రిజిస్టరు ఎలా రాయాలో యజమాని చెబుతారు. అది వారం రోజుల చదువు. నేను రాస్తున్నది వేరే. జనం సొంత తుపాకులు పట్టుకుని కొట్లోకి వస్తే ఏం చెయ్యాలో, నేను ఏం చెయ్యకుండా ఎంత పని చేశానో, అదీ.

తుపాకుల దుకాణమంటే తుపాకులు అమ్మే చోటని అందరూ అనుకుంటారు. మేం ఏడాదికి అమ్మేవి వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది తమ తుపాకీ తామే తెచ్చుకుంటారు. తుప్పు పట్టిందని ఒకరు, చెక్క పగిలిందని ఒకరు, దీనికి సరిపోయే తూటాలు ఇమ్మని ఒకరు, ఎన్నికలొచ్చాయి దాచి పెట్టమని ఒకరు. బట్టల కొట్టుకి మనిషి వట్టి చేతులతో వస్తాడు. మా కొట్లో అసలు సరుకు వచ్చేవాడి చంకలో ఉంటుంది. దాని లోపల ఏముందో మనకి తెలియదు. ఆయనకీ గట్టిగా తెలియదు, తెలుసనుకుంటాడంతే. ఈ సంగతి బుర్రకెక్కితే సగం పని వచ్చినట్టే.

భయమేనండి

మా ఆయన మస్కట్‌లో పనికి వెళ్లిన ఏడాది నేను ఉద్యోగం వెతుక్కున్నాను. దుకాణం యజమాని సూర్యం గారు నన్ను ఒక్కటే అడిగారు.

“కుమారి గారూ, తుపాకులంటే భయమేనాండీ?”

అబద్ధం ఆడదామనుకున్నాను గానీ నోరు రాలేదు. “భయమేనండి” అన్నాను.

“అయితే రేపట్నుంచి వచ్చేయండి. భయం లేదన్నవాణ్ని నిన్ననే పంపించేసేను.”

వెనక గదిలో వీర్రాజు మేస్త్రి గారుండేవారు. తుపాకులు బాగుచేసే మనిషి. ముక్కు చివర కళ్లద్దాలు, ఒళ్లో నూనె గుడ్డ, నోట్లో ఎప్పుడూ ఏదో కూనిరాగం. మొదటి రోజే నన్ను పిలిచి ఒక డబుల్ బ్యారెల్ చేతిలో పెట్టారు.

“ముందు గొట్టం ఎటు చూస్తోందో చూడమ్మా. అది చూసేవైపు మనిషుండకూడదు. వేలు గుర్రం మీద, అదే ట్రిగ్గర్ మీద పెట్టకు, పక్కన పెట్టు. ఇప్పుడు లీవర్ నొక్కు.”

నొక్కాను. టక్! గొట్టాలు వంగాయి. రెండు గుండ్రటి కన్నాల్లోంచి ఎదుటి గోడ సున్నం కనిపించింది. అబ్బ! ఒళ్లంతా జిల్లుమంది. అంత పెద్ద వస్తువు తన కడుపులో ఏముందో నాకు చూపించేసింది. వంట గదిలో పోపు డబ్బా మూత తీసినంత తేలిక. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్లలేదు, ఎగురుకుంటూ వెళ్లాను.

“ఆడమనిషి తుపాకుల కొట్లో ఏంటండీ?” అని ఊళ్లో కొందరన్నారు. అంటూనే తమ తుపాకులు నా దగ్గరికే తెచ్చారు. అమలాపురంలో ఇంకో కొట్టు లేదు మరి.

రెండు ప్రశ్నలు, ఒక ఆయ్

మన కోనసీమలో ‘ఆయ్’ అనే మాట లేకుండా పూట గడవదు. అవునంటే ఆయ్. అలాగేనంటే ఆయ్. వింటున్నానండి అన్నా ఆయే. మీరు పెద్దవాళ్లు, మీ మాటకి అడ్డు చెప్పను అన్నా ఆయే. ఇంత తీయటి మాట ఇంకో జిల్లాలో లేదని నేనూ మురిసిపోయేదాన్ని. ఆ మాటే మా మేస్త్రి గారి చెవి తీసుకుంది.

నేను చేరిన మూడో ఏడు. వానాకాలం. అంతర్వేది వైపు నుంచి సత్యం గారని ఒక కొబ్బరి రైతు వచ్చారు. సముద్రం పక్కన ఇల్లు, ఉప్పు గాలికి ఇనుము నిలవదు. ఆయన డబుల్ బ్యారెల్ లీవర్ తుప్పుతో బిగుసుకుపోయింది. ఎంత నొక్కినా కదలదు. అప్పుడు కౌంటర్ ముందు నలుగురున్నారు. ఒకరికి తూటాలు, ఒకరికి రసీదు, ఇద్దరికి తొందర. నేను రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే అడిగాను.

“లీవర్ పట్టేసిందాండీ, లోపల ఖాళీయేనా?”

“ఆయ్” అన్నారు సత్యం గారు.

అట్టముక్క మీద ‘ఖాళీ’ అని రాసి, తుపాకీకి కట్టి, వెనక గదిలోకి పంపేశాను.

మేస్త్రి గారు అట్ట చూశారు. నా రాత మీద ఆయనకి నమ్మకం. గొట్టాలు గోడవైపు ఉండేలా బల్లకి బిగించి, లీవర్ మీద నూనె పోసి, చెక్క సుత్తితో చిన్నగా కొట్టారు. ఒకటి. రెండు. మూడో దెబ్బకి లోపల అరిగిపోయిన కొక్కెం జారింది.

ఆ చప్పుడు నేను చెప్పలేను. కౌంటర్ అద్దాలు గలగలలాడాయి. కొట్టంతా పొగ. నేను పడుతూ లేస్తూ వెనక్కి పరిగెత్తాను. గోడలో పిడికిలంత గుంట. మేస్త్రి గారు ఎడమ చెవి పట్టుకుని నేల మీద కూర్చున్నారు. ప్రాణాలతో ఉన్నారు! ఆ సంతోషం పట్టలేక నేను గట్టిగా ఏడ్చేశాను. ఆయన నా నోటివైపు చూస్తున్నారు గానీ నా ఏడుపు వినబడడం లేదు.

కుడి చెవి నాలుగు రోజులకి తెరుచుకుంది. ఎడమది తెరుచుకోలేదు.

కబురు తెలిసి సత్యం గారు పరుగున వచ్చారు. “నేను లీవర్ గురించి ఆయ్ అన్నానమ్మా. మీరు రెండో మాటేదో అన్నారు. నాకు సరిగ్గా వినబళ్లేదు. మళ్లీ అడిగితే బాగోదని ఊరుకున్నాను” అన్నారు.

ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు, ఇప్పటికీ రాదు. రెండు ప్రశ్నలు ఒక ఊపిరిలో అడిగింది నేను. మర్యాదకి వచ్చిన చప్పుడుని జవాబుగా తీసుకుంది నేను. కంటితో చూడనిదాన్ని చూసినట్టు రాసింది నేను. మూడు తప్పులూ నావే. వీటిలో ఏ ఒక్కటి చెయ్యకపోయినా ఆ మనిషి చెవి ఉండేది.

సూర్యం గారు నన్ను కౌంటర్ మీంచి తీసేద్దామనుకున్నారు. అది న్యాయమే. కట్టు కట్టించుకుని వచ్చిన మేస్త్రి గారే అడ్డం పడ్డారు.

“ఇంకొకర్ని పెడితే ఆళ్లు మొదట్నుంచీ నేర్చుకోవాలండి, నాకు మిగిలింది ఒక్క చెవే” అన్నారు. తర్వాత నావైపు తిరిగారు. “అమ్మా, ఒక్క మాటియ్యి. నీ కంటితో లోపల చూడకుండా నా బల్ల మీదకి ఏదీ రాకూడదు. తెచ్చింది ఎవరైనా సరే.”

“రానివ్వనండి” అన్నాను. ఆ క్షణంలో ఏ దేవుడికి మొక్కమన్నా మొక్కేదాన్ని.

పెద్దలకి చెప్పడం ఎలా

మాటివ్వడం తేలిక. నిలబెట్టుకోవడం ఎంత కష్టమో మర్నాడే తెలిసింది. మన వైపు మర్యాదస్తుడి చేతిలోంచి తుపాకీ తీసుకుని, ఆయన ఖాళీ అన్నాక కూడా విప్పి చూడడమంటే ఆయన్ని అబద్ధాలకోరని అన్నట్టు. పెళ్లిలో వియ్యంకుడు ఇచ్చిన నోట్లు అతని ముందే లెక్కపెట్టినట్టు ఉంటుంది.

సూర్యం గారూ, మేస్త్రి గారూ, నేనూ కూర్చుని పద్ధతి ఒకటి పెట్టుకున్నాం. గుమ్మం పక్కన సిమెంటు తొట్టి కట్టించి నిండా ఇసక పోశాం. తుపాకీ తొడుగులోనే రావాలి. తొడుగు విప్పేది ఇసక తొట్టి దగ్గరే, గొట్టం ఇసకలోకి చూస్తూ. విప్పేది తెచ్చినాయనే. నేను పక్కన నిలబడి చూస్తాను. అలా చేస్తే ఆయన చేతిలోంచి మేం లాక్కున్నట్టుండదు, ఆయనే మనకి చూపించినట్టుంటుంది. ఎవరి పరువూ పోదు. వెంట తెచ్చిన తూటాలు వేరే రేకు డబ్బాలో పెట్టాలి. కౌంటర్ మీద ఒకేసారి ఒక్క తుపాకీయే ఉండాలి. లీవర్ బిగుసుకుపోయి విప్పడానికి రానిది, ఎవరేం చెప్పినా, నిండుగా ఉన్నట్టే లెక్క. అది లోపలికి రాదు. మేస్త్రి గారే తొట్టి దగ్గరికొచ్చి, వీధిలో జనాన్ని తప్పించి, గొట్టం ఇసకవైపు ఉంచి పని మొదలుపెట్టాలి.

ఆఖరిది నా సొంతం. చూశాక ఇద్దరం పైకి అనాలి. ఆయన “ఖాళీగా ఉంది” అనాలి, నేను “చూశాను, ఖాళీగా ఉంది” అనాలి. పూర్తి వాక్యం. అట్ట మీద నా చేత్తోనే పెద్ద అక్షరాలతో రాసి గోడకి తగిలించాను: ‘ఇక్కడ ఆయ్ చెల్లదు.’

ఊరంతా అదో వినోదం అయిపోయింది! కాలేజీ పిల్లలు గుమ్మంలో ఆగి చదివి పోయేవాళ్లు. కూరగాయల బజార్లో నన్ను చూసి, “ఆయ్ చెల్లని అమ్మగారు వచ్చేరు, దారివ్వండి” అనేవారు. నాకు కోపం రాలేదు సరికదా, సంబరమేసింది. నవ్వుకున్న మాట జనానికి గుర్తుంటుంది. నవ్వినవాళ్లే తొట్టి దగ్గరికొచ్చి, నేను అడక్కముందే, “ఖాళీగా ఉందండీ!” అని బడిపిల్లల్లా అప్పజెప్పేవారు.

మేస్త్రి గారు తన బల్ల దగ్గర ఎలాగూ మళ్లీ విప్పి చూసేవారు. వెనక ఆయన చూస్తారు కదా అని నేను బద్ధకించకూడదు, ముందు నేను చూశాను కదా అని ఆయన బద్ధకించకూడదు. ఈ ముక్క కొత్తగా చేరినవాళ్లు నోట్లో నానబెట్టుకోవాలి.

అందరూ వినలేదు. కొత్తపేట నుంచి ఒకాయన నడుములోంచి రివాల్వర్ తీసి, దాని మీద చెక్కిన పేరు చదవమని నా మొహం ముందు పెట్టారు. నేను చటుక్కున కౌంటర్ కిందకి కూర్చున్నాను. ఆయనకి నవ్వొచ్చింది. సూర్యం గారికి రాలేదు. “బాబు గారూ, ముందు బయటికి దయచెయ్యండి. తొట్టి దగ్గర తూటాలు పెట్టే ఆరు గదులూ చూపించేక లోపలికి రండి” అన్నారు. ఆయన మళ్లీ రాలేదు. పోతే పోయారు. తుపాకీ నగలాగ చూపించుకునే మనిషి కొనుగోలుదారుడిగా ఉన్నా లేకపోయినా మనకి ఒకటే.

యజమాని గురించి ఒక మాట

సూర్యం గారంటే నాకు గౌరవం. పరాయివాళ్ల దగ్గర ఆయన మాటంటే మాటే. కానీ చుట్టాల ముందు వెన్న. అత్తవారి వైపు నుంచి ఎవరైనా వస్తే పద్ధతులన్నీ గాలికి పోయేవి. “మనవాళ్లే కదండీ, పోనిద్దురూ” అనేవారు. మనవాళ్ల తుపాకీకి మనవాళ్లని తెలియదు కదా! ఈ సంగతి ఆయనకి చెప్పడానికి నాకు పద్నాలుగేళ్లు పట్టింది. చెప్పిన రోజు గురించే ఇక రాయబోతున్నాను.

లైనులో మావగారు

ఎన్నికల ప్రకటన వస్తే లైసెన్సు ఉన్నవాళ్లంతా తుపాకులు పోలీస్ స్టేషన్లో గానీ మాలాంటి దుకాణంలో గానీ అప్పజెప్పాలి. మాకు అదే పండగ! ఉదయం తలుపులు తీసేసరికి వీధిలో తొడుగులు, గోనె సంచులు, పాత దుప్పట్లు చుట్టుకున్న తుపాకులతో లైను. అన్ని టక్కులు ఒక్క రోజులో ఎప్పుడు వినబడతాయి? నేను ఆ రోజుల్లో తిండి కూడా మర్చిపోయేదాన్ని. వచ్చిన ప్రతి తుపాకీకీ మేస్త్రి గారు లోపలా బయటా నూనె గుడ్డ పట్టి, గోడ బీరువాలో వరసగా నిలబెట్టాలి. సాయంత్రానికి ఆయన చేతులు వాచిపోయేవి.

ఆ రోజు పది గంటల వేళ తెల్ల కారు ఆగింది. ఆలమూరు నుంచి సూర్యం గారి మావగారు దిగారు. ఇస్త్రీ పంచె, చేతిలో ఖరీదైన తోలు తొడుగు. లైనులో వాళ్లంతా జరిగి దారిచ్చారు. సూర్యం గారు ఎదురెళ్లి దణ్ణం పెట్టి, నాకు కళ్లతో సైగ చేశారు, ‘ఊరుకో’ అని. చేసి, టీ చెప్పే వంకతో వెనక గదిలోకి మాయమయ్యారు.

మావగారు తొట్టి దాటి నేరుగా కౌంటర్ దగ్గరికొచ్చి తొడుగు నా ముందు పెట్టారు.

“రాసుకోమ్మా. ఖాళీయే.”

“ఒక్కసారి తొట్టి దగ్గర చూపిద్దురు గానీ రండి” అన్నాను.

“ఖాళీ అని చెప్పేను కదమ్మా.”

“ఆయ్... కాదండి, చూడాలండి.” నాకే నోరు జారింది. లైనులో ఎవరో కిసుక్కుమన్నారు.

“నా మాట మీద నమ్మకం లేదా?” ఆయన గొంతు పెరిగింది. “నా అల్లుడి కొట్లో నన్ను నిలదీస్తావా?”

ఆయన వెనక రాజోలు నుంచి వచ్చిన, గోదావరి లంకల్లో సాగుచేసే ఒక రైతు ఉన్నాడు. గోనె గుడ్డలో చుట్టిన తుపాకీ భుజాన వేసుకుని, పక్కవాళ్లతో అన్నాడు, “పెద్దాయనకి లేని రూలు మనకెందుకండీ? మనం మాత్రం ఎంతసేపు నిలబడతాం? మనదీ ఖాళీయే కదా, రాసేసుకోమందాం.”

“అదీ నిజమే” అన్నారు ఇద్దరు ముగ్గురు.

అప్పుడు నాకు అర్థమైంది. ఈయన్ని వదిలితే వదిలేది ఈయనొక్కణ్నే కాదు. ఆ లైను మొత్తం విప్పకుండా లోపలికి వస్తుంది. అన్నీ ఆ ఒక్క చెవి ఉన్న మనిషి బల్ల మీదకే వెళ్తాయి. వెనక్కి చూశాను. మేస్త్రి గారు గది గుమ్మంలోకొచ్చి నిలబడి ఉన్నారు. మాట్లాడింది ఎంత వినబడిందో తెలియదు. చేతిలో నూనె గుడ్డ. నన్నే చూస్తున్నారు. ఆయన వెనక సూర్యం గారు.

“మీ మాట మీద నాకు నమ్మకం ఉందండి. మిమ్మల్ని కాదు, తుపాకీని అడుగుతున్నాను” అన్నాను. తర్వాత సూర్యం గారికి వినబడేలా గట్టిగా అన్నాను, “చూడకుండా రాయమంటే రిజిస్టరు మీరే రాసుకోండి. నేను రాయను.”

సూర్యం గారు ముందుకొచ్చారు. మొహం ఎర్రబడి ఉంది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన తల వంచుకుని, “మావయ్యగారూ, ఆవిడ చెప్పినట్టు చెయ్యండి. మా కొట్లో అదే పద్ధతండి” అన్నారు.

మావగారు విసురుగా తొడుగు తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్లారు. తుపాకీ తీశారు. టక్.

ఖాళీ. రెండు గొట్టాలూ తళతళలాడుతున్నాయి, మచ్చుకి ఒక్క మరక లేదు.

“చూసేవా?” అన్నారు. “ఇప్పుడు చల్లబడ్డావా?”

“చూశానండి. ఖాళీగా ఉంది” అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినబడింది. ఆయన తుపాకీ కౌంటర్ మీద పెట్టేసి, రసీదు కోసం ఆగకుండా వెళ్లి కారులో కూర్చున్నారు. సూర్యం గారు మళ్లీ టీ చెప్పడానికి వెళ్లారు, ఈసారి నిజంగానే. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇంత రభస చేసి ఖాళీ తుపాకీ చూశానా అనిపించింది.

తర్వాతి వంతు రాజోలు రైతుది. ఇందాకటి ధీమా లేదు. పెద్దాయన విప్పాక తను విప్పనంటే బాగోదు. నవ్వుతూ తొట్టి దగ్గరికొచ్చి, గోనె గుడ్డ తీసి, గొట్టం ఇసకలోకి వంచి, లీవర్ నొక్కాడు.

టక్.

ఎడమ గొట్టంలో ఇత్తడి అంచు మెరిసింది.

అతని నవ్వు అలాగే ఆగిపోయింది. నేను, “కదలకండి, వేలు అక్కడ పెట్టకండి” అన్నాను. రెండు వేళ్లతో తూటా బయటికి లాగాను. ఎర్రటిది, నిండుది, పేలడానికి సిద్ధంగా ఉన్నది. అరచేతిలో బరువుగా ఉంది.

“పందుల్ని బెదరగొట్టడానికి పెట్టేనండి, కిందటి వారం” అన్నాడు. “కుడిది కాల్చేను. ఎడమది... ఖాళీయే అనుకున్నానండి. ఒట్టండి, ఖాళీయే అనుకున్నాను.”

లైనులో అందరూ ఎవరి తొడుగు వాళ్లు విప్పడానికి తొట్టివైపు జరగడం మొదలుపెట్టారు. “ఒక్కొక్కరే, ఒక్కొక్కరే!” అని అరిచాను. నాకు నవ్వూ వస్తోంది, ఏడుపూ వస్తోంది, కాళ్లు నేల మీద నిలవడం లేదు.

తూటా పట్టుకుని మేస్త్రి గారి దగ్గరికి పరిగెత్తాను. కుడి చెవి వైపు నిలబడి జరిగింది చెప్పాను. ఆయన తూటా తీసుకుని, కళ్లద్దాలు పైకి తోసి, ఇటూ అటూ తిప్పి చూశారు. రేకు డబ్బాలో వేసి మూత పెట్టారు. తర్వాత, సగం వినబడే మనుషులు మాట్లాడేటట్టు, వీధి దాకా వినబడే గొంతుతో అన్నారు.

“ఆ పెద్దాయన ఎళ్లిపోయేరా? ఆపమ్మా, ఆపు! ముందా టీ ఆయనకి ఇయ్యండి. ఆయన పరువు పోబట్టి నా రెండో చెవి మిగిలింది.”

కారు అప్పుడే కదులుతోంది. సూర్యం గారి చేతిలోంచి టీ గ్లాసు లాక్కుని, వేళ్ల మీద ఒలుకుతున్నా చూడకుండా, “ఆపండి, మావయ్యగారూ, ఆపండి!” అని అరుస్తూ నేను వీధిలోకి పరిగెత్తాను.